టీవీ ఆపితే మెలకువ వచ్చేసేది

డెంగ్యూ తగ్గి ఇంటికొచ్చాక చాలా రోజులు నాకు టీవీ లేకపోతే నిద్ర పట్టేది కాదు. జ్వరం గురించి అందరూ చెప్తారు, ప్లేట్‌లెట్స్ గురించి చెప్తారు, బొప్పాయాకు రసం గురించైతే మా అపార్ట్‌మెంట్ మొత్తం చెప్పింది, ఆ తర్వాతి రాత్రుల సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు.

మాది విద్యానగర్. ఆ వర్షాకాలం మా వీధిలో చాలామంది పడ్డారు. నాకు ఒళ్లంతా నొప్పులు, కళ్ల వెనకాల గుచ్చినట్టు నొప్పి, డెంగ్యూ ఉందో లేదో చూసే ఎన్‌ఎస్1 రక్తపరీక్ష పాజిటివ్. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు ముట్టుకోవద్దు, బ్లీడింగ్ రిస్క్ అన్నారు డాక్టర్ గారు. జ్వరం దిగిందని ఇంట్లో అందరూ సంబరపడ్డారు కానీ డెంగ్యూలో అసలు జాగ్రత్తగా ఉండాల్సింది అప్పుడే, రక్తనాళాల్లోంచి నీరు బయటికి లీకై బీపీ పడిపోవచ్చు. నాకు లక్షన్నర దాటి ఉండాల్సిన ప్లేట్‌లెట్స్ 40 వేల దగ్గరికొచ్చాయి, అడ్మిట్ చేశారు.

వార్డులో రాత్రంతా లైటు, గంట గంటకీ సిస్టర్ వచ్చి బీపీ చూడటం. ఇంటికొచ్చినా ఒంటికి ఆ అలవాటు పోలేదు, అర్ధరాత్రి దాటాక దడతో లేచి కూర్చునేవాడిని, మళ్లీ జ్వరమొచ్చిందేమోనని మెడ పట్టుకుని చూసుకునేవాడిని. అప్పుడు టీవీ పెట్టుకునేవాడిని, సౌండ్ బాగా తగ్గించి. న్యూస్ రిపీట్లు, పాత కామెడీ బిట్లు, టెలీషాపింగ్ వాళ్ల మిక్సీలు, ఏదైనా సరే, మనిషి గొంతు వినిపిస్తే చాలు. స్క్రీన్ మీద రంగు మారినప్పుడల్లా దోమతెర కూడా నీలంగా, ఎర్రగా మారేది, అది చూస్తూ చూస్తూ కన్నంటుకునేది. అమ్మ మెల్లగా వచ్చి ఆపేది, ఆపగానే నాకు మెలకువ.

"ఉండనీ అమ్మా."

"చూస్తలేవు కదరా, నిద్రపోయినవ్ కదా!"

పాపం అమ్మకీ నిద్ర లేదు.

నెల దాటినా నీరసం పోలేదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, దువ్వితే జుట్టు చేతికొచ్చేది. డెంగ్యూ తర్వాత ఇవి కొన్నాళ్లు ఉంటాయంట. చెకప్‌లో డాక్టర్ గారు నిద్ర ఎట్లా ఉందని అడిగితే టీవీ సంగతి చెప్పా. రాత్రి కంట్లో వెలుగు పడితే నిద్రకి సాయపడే మెలటోనిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, యాడ్స్ రాగానే సౌండ్ పెరిగి మనకి తెలియకుండానే నిద్ర తేలిపోతుంది, అందుకే ఎంతసేపు పడుకున్నా ఒళ్లు తేరుకోవట్లేదు అన్నారు. మంచం నిద్రకే ఉంచు, ఓ 20 నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చో, నిద్రొస్తేనే మళ్లీ వెళ్లు, పొద్దున మాత్రం రోజూ ఒకే టైంకి లే, ఇదీ ఆయన చెప్పింది.

టీవీ హాల్లోకి మార్చేశాం. మొదటి వారం నరకం. గొంతు లేకపోతే ఆ దడ మళ్లీ వచ్చేది, అప్పుడు అక్క ఫోన్‌లో పాత రేడియో నాటికలు పెట్టి, 30 నిమిషాల టైమర్ వేసి, ఫోన్ బోర్లా పెట్టి ఇచ్చింది. వెలుగు లేదు, తోడు ఉంది. మెల్లమెల్లగా నాటిక సగంలోనే నిద్రపోవడం మొదలైంది, తర్వాత మెట్ల దగ్గర ఆయాసం కూడా తగ్గుతూ వచ్చింది.

మొన్న మా పిన్ని కొడుక్కి డెంగ్యూ వచ్చి డిశ్చార్జ్ అయ్యాడు, రాత్రిళ్లు టీవీ ఆపనివ్వట్లేదని పిన్ని ఫోన్ చేసి బాధపడింది. తిట్టకు పిన్నీ, ఆ భయం నాకు తెలుసు, నాలుగు రోజులు పోనీ, తర్వాత టీవీ బయటపెట్టి రాత్రికి రేడియో ఇవ్వు అని చెప్పి ఆ నాటికల లింకులు వాట్సాప్‌లో పంపించా.