భవానీ ద్వీపానికి టేపు పట్టుకుని

గుంటూరు నుంచి బెజవాడ మహా అయితే గంట ప్రయాణం. మొన్న ఆదివారం మాకు వ్యాను ఎక్కడానికే నలభై నిమిషాలు పట్టింది. చక్రాల కుర్చీల వాళ్ళు నలుగురు, చూపు లేనివాళ్ళు ముగ్గురు, వాలంటీర్లం ఆరుగురం. అక్కడ కృష్ణానది మధ్యలో ఉన్న భవానీ ద్వీపంలో ఒక పూట ఆడుకుని రావాలని బయల్దేరాం.

మా బృందంలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు. వెన్నెముక దెబ్బతిని పదేళ్ళుగా కుర్చీలోనే. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా అని మేం వాదించుకుంటుంటే, "ముందు ర్యాంపు వేయించండయ్యా, పేరు తర్వాత పెడుదురుగాని" అంటారు.

టిఫిన్‌కి ఆగిన హోటల్లో ర్యాంపు ఉంది. దాని మీద జనరేటర్ కూడా ఉంది. హోటల్ పేరెందుకులెండి. పక్కన ఇంకో వాలు కనిపిస్తే, నేను హుషారుగా మాస్టారి కుర్చీ పట్టుకుని దించబోయాను. "ఆగు బాబూ, వెనక్కి తిప్పు" అని గట్టిగా అరిచారు. ముందుకు దించితే మనిషి జారి కింద పడతాడు. అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలు ఉండాలన్నది లెక్క. అక్కడ నాలుగడుగులు కూడా లేదు. అసలు నేను చేసిన తప్పు వాలు సంగతి కాదు, ఆయన్ని అడక్కుండా కుర్చీ ముట్టుకోవడం. ఇడ్లీలు వ్యాన్లోకే తెప్పించుకున్నాం.

బోటుకీ ఒడ్డుకీ మధ్య జానెడు సందు. మామూలుగా అయితే ఎవరూ చూడను కూడా చూడరు. కుర్చీలో ఉన్నవాళ్ళకి అదే కృష్ణానది. వెనక ఒకరు చంకల కింద నుంచి, ముందు ఒకరు తొడల కింద నుంచి పట్టుకుని ఎత్తాలి. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టేది మాత్రం ఎత్తేవాళ్ళు కాదు, లేచే మనిషే. మాస్టారు రెండు దగ్గర కావాలని కాసేపు ఆగారు. బోటు నడిపే ఆయన నవ్వు ఆపుకోలేక చెయ్యి వేశాడు.

ద్వీపంలో చెట్ల కింద చూపు లేనివాళ్ళ క్రికెట్ మొదలైంది. గట్టి ప్లాస్టిక్ బంతి, లోపల ఇనుప గుండ్లు. చెయ్యి కిందికి ఊపి నేల మీద దొర్లేలా వెయ్యాలి. బౌలర్ "రెడీ?" అంటే బ్యాటర్ "యెస్" అనాలి, అప్పుడు "ప్లే" అంటూ బంతి వదలాలి. పూర్తిగా చూపు లేనివాళ్ళు కొట్టిన పరుగులకి రెట్టింపు లెక్క. అంధుల క్రికెట్లో భారత జట్టుకి కెప్టెన్‌గా చేసి, అర్జున అవార్డు అందుకున్న అజయ్ కుమార్ రెడ్డిది మా ఉమ్మడి గుంటూరు జిల్లాయే. అందుకే మావాళ్ళకి ఈ ఆటంటే కాస్త పొగరు. నాకు కళ్ళకి గంతలు కట్టి బ్యాటిచ్చారు. బంతి వెళ్ళిపోయాక ఊపాను.

ఇంతలో పక్కన పిక్నిక్ వాళ్ళ స్పీకర్ మోత. పాట మోగుతుంటే బంతి వినపడదు. వెళ్ళి చెప్పాం. కట్టేయడమే కాదు, నలుగురు కుర్రాళ్ళు ఫీల్డింగ్‌కి కూడా వచ్చారు. ఒక్క గంటలో వాళ్ళే జనాన్ని "ష్" అనడం మొదలుపెట్టారు.

అరగంటకోసారి మాస్టారి ఫోన్ అలారం మోగేది. చేతుల మీద ఆనుకుని ఒళ్ళు పైకి లేపి కాసేపు ఆగుతారు. లేకపోతే కూర్చున్నచోట పుండ్లు పడతాయి.

భోజనాల దగ్గర తెలిసింది, కుర్చీలో వచ్చిన డిగ్రీ అమ్మాయి పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్ళు తాగలేదని. "బాత్రూం ఎలా ఉంటుందో తెలీదుగా అన్నా" అంది, ఏదో మామూలు విషయంలా. ముందు ఆదివారమే వచ్చి టేపుతో దారులూ, వాలూ అన్నీ కొలిచాను. బాత్రూం తలుపు వెడల్పు కొలవలేదు! అప్పుడు పరుగెత్తి కొలిచాను. కుర్చీ పడుతుంది. ఆ మాట చెప్పాకే మజ్జిగ తాగింది, రెండు గ్లాసులు.

సాయంత్రం బోటులో తిరిగొస్తుంటే తూర్పున ప్రకాశం బ్యారేజీ గేట్లు వరసగా కనిపించాయి. ఆ అమ్మాయి మాత్రం దక్షిణం ఒడ్డు వైపు చూస్తోంది.

"ఉండవల్లి గుహలు అటేగా అన్నా? పడుకున్న విష్ణుమూర్తి పై అంతస్తులో ఉంటాడంట. అన్నీ మెట్లేనా?"

"మెట్లే."

"ఎన్ని?"

తెలీదన్నాను.

"ఈసారి ఆ టేపు నాకివ్వండి. వచ్చే ఆదివారం మా తమ్ముణ్ణి తీసుకుని నేనెళ్ళి చూసొస్తా."