అరసవల్లిలో అమ్మ మొక్కు

మొన్న మాఘమాసం ఆదివారం అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో మా అమ్మ మొక్కు తీర్చి వచ్చాం. మొక్కుకున్నది అమ్మ, తీర్చాల్సిందీ అమ్మే, కానీ మా పాప కన్ను కుదుటపడే నాటికి ఆవిడ లేదు. ఏడాది తిరిగేదాకా గుడి గడప తొక్కకూడదన్నారు కాబట్టి సంవత్సరీకం అయ్యేవరకూ ఆగాం. అంతకాలమూ నాకు ఒకటే టెన్షన్, స్వామికి బాకీ ఉండిపోయామే అని.

మాది పొందూరు. అమ్మ కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ రాట్నం ముందే కూర్చుంది. పొందూరు సన్న ఖద్దరు గురించి అందరూ గొప్పగా చెబుతారు గానీ ఆ నూలు వెనక ఎంత కంటిపని ఉంటుందో ఇంట్లో చూసినవాళ్లకే తెలుసు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వాలి, ఆ సన్న పళ్లకి చెత్తా నలుసూ అంతా పోవాలి, తర్వాత గింజ తీయాలి, దూది ఏకాలి, ఏకులు చేసి ఎండిన అరటి దొప్పలో పెట్టుకోవాలి, అప్పుడు గానీ కదురు దాకా రాదు. 100వ నంబరు నూలంటే పోగు వెలుతురుకి పెట్టి చూస్తే తప్ప ఆనదు. అందుకే కాబోలు అమ్మ పొద్దున్నే వాకిట్లో నిలబడి సూర్యుడికి దణ్ణం పెట్టి "కళ్లు చల్లగా చూడు తండ్రీ" అనేది. ఇంకేమీ అడగ్గా నేను వినలేదు. ఆ కళ్ల కష్టంతోనే నన్నూ చెల్లినీ చదివించింది.

పాపకి ఐదేళ్లప్పుడు ఎడమకంటి చూపు మందంగా ఉందని బయటపడింది. డాక్టరు గారు అద్దాలు రాసి, బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేసి, బలహీనంగా ఉన్న కంటితోనే దగ్గరి పనులు చేయించమన్నారు. ప్యాచ్ వేస్తే చాలు ఏడుపు, పీకి పారేసేది. అప్పుడే అమ్మ మొక్కుకుంది, మాఘమాసం ఆదివారం పుష్కరిణి దగ్గర క్షీరాన్నం వండి నైవేద్యం పెడతాను, పిల్లని తెచ్చి నీ ఎదుట నిలబెడతాను అని. మొక్కి ఊరుకుందా, సెలవులకి పాపని పొందూరు రప్పించుకుని, ప్యాచ్ వేసి, ముందు పత్తి పోసి గింజలు ఏరించేది. "ఒక్క నలుసు ఉండిపోయినా పోగు తెగిపోతాది తల్లీ, బాగా చూడు" అంటూ పక్కనే కూర్చునేది. గుప్పెడు ఏరితే ఓ బెల్లం ముక్క. మేం బతిమాలినా బెదిరించినా ఉంచుకోని ప్యాచ్, నాన్నమ్మ దగ్గర పూటంతా ఉండేది. తర్వాత ఓ చెకప్‌లో పాప ఆ కంటితోనే బోర్డు మీద కింది వరస అక్షరాలు చదివేసింది. నాన్నకి ఫోన్ చేసి చెబితే ఆయన అన్న మొదటి మాట, "అరసవల్లి ఎప్పుడెళ్దాం?"

ముందురోజు శ్రీకూర్మం వెళ్లి పిండప్రదానం చేశాం. అస్థికలు కలిపింది కూడా అక్కడి శ్వేత పుష్కరిణిలోనే. పడమటి ముఖంగా ఉన్న కూర్మనాథుడి దగ్గర జనం పెద్దగా లేరు, నిదానంగా దణ్ణం పెట్టుకున్నాం. పాప అక్కడి నక్షత్ర తాబేళ్లని వదిలి రానంది.

అరసవల్లిలో అలా కాదు. తెల్లారకముందే వెళ్లినా పొయ్యి పెట్టుకోడానికి జానెడు చోటు దొరకలేదు. ఎక్కడ చూసినా పొగ, పిడకలు, చెరకు ముక్కలు, పిల్లల ఏడుపులు. అంత పవిత్రమైన చోట ప్లాస్టిక్ కవర్లూ పాల ప్యాకెట్లూ ఎక్కడివక్కడే పారేసి పోతున్నారు, ప్రాణం ఉసూరుమంది. మా పిడకలు రాత్రి మంచుకి చెమ్మెక్కి అంటుకోలేదు. మా ఆవిడ ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడ్డాయి, కర్పూరం అంతా అయిపోయింది, పాలు చల్లగా అలాగే ఉన్నాయి. అమ్మ పని ఇలా అయిందేమిటా అని నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

పక్క పొయ్యి దగ్గర ఓ పెద్దావిడ, టెక్కలి అవతల పల్లె అట. తన నైవేద్యం ఇంకా ఉడుకుతూనే ఉంది. "ఏటమ్మా, రాజుకోలేదా?" అంటూ లేచి, నిప్పులైన తన పిడకలు రెండు పుల్లలతో పట్టుకొచ్చి మా గిన్నె కింద పెట్టేసింది. వద్దు పెద్దమ్మా, మీది చల్లారిపోతుందన్నా వినలేదు. గాలి వచ్చేవైపు చీర కొంగు పట్టుకుని అడ్డంగా కూర్చుంది. పొగ అంతా ఆవిడ మొహానికే.

"మొక్కెవరిది బాబూ?"

"మా అమ్మది. పోయి ఏడాదయింది. ఈ పిల్ల కంటి కోసం మొక్కుకుంది."

ఆవిడ కాసేపు పాప వైపు చూసి, "అయితే నువ్వొద్దు, గుంట చేత ఎయ్యించు బియ్యం" అంది. పాప రెండు చేతులతో బియ్యం తీసుకుని, వేసేముందు వంగి, ఓ వడ్లగింజ కనిపిస్తే ఏరి పక్కన పెట్టింది. మాకెవరికీ కనపడలేదది. మా ఆవిడ నా వైపు చూసింది, నేను చెరకు ముక్కతో పాలు కలుపుతూ తల వంచుకున్నాను. పాలు తూర్పువైపు పొంగాయి. పెద్దావిడ "స్వామి అందుకున్నాడు" అని లేచి తన పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

దర్శనం క్యూ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఎండ ఎక్కేసింది, మధ్యలో దూరేవాళ్లు దూరుతూనే ఉన్నారు, ముసలివాళ్లు నిలబడలేక కింద కూలబడుతున్నారు. తోపులాటలో నాన్న చెప్పు ఒకటి పోయింది. తీరా లోపలికి వెళ్లాక ఒక్క క్షణం, "జరగండి జరగండి" అని తోసేస్తుంటే పాపని ఎత్తుకున్నాను. నల్లరాతి స్వామి, అలంకారం మధ్య ముఖం చూశానో లేదో. బయటికొచ్చాక పాప, "నాన్నా, స్వామి రెండు చేతుల్లోనూ తామర మొగ్గలున్నాయి, కింద బుల్లి గుర్రాలు కూడా ఉన్నాయి, చూశావా?" అంది. నేను చూడలేదు. తను చూసింది, చాలు.

ప్రసాదం ఇద్దామని పెద్దావిడ కోసం ఎంత వెతికినా కనపడలేదు. పేరైనా అడగలేదని మా ఆవిడ ఇప్పటికీ బాధపడుతోంది.

మిగిలిన క్షీరాన్నం పొందూరు తెచ్చి, అమ్మతో కలిసి వడికిన పిన్నిలందరికీ పంచాం. తలా కాస్త నోట్లో వేసుకుని, మీ అమ్మయితే ఇంకాస్త బెల్లం వేసేదని ఒకరు, కాదు తనకి తీపి పడదు, పిల్లల కోసమే వేసేదని ఇంకొకరు, చీకటి పడేదాకా మా అరుగు మీద అమ్మ కబుర్లే. నాకు తెలియనివి ఎన్ని చెప్పారో.