లాగ్‌బుక్‌లో ఎక్కని దెబ్బ: నా అనుభవం

మేము కొందరం కలిసి కొనుక్కున్న సెస్నా 172 అనే చిన్న విమానాన్ని వార్షిక తనిఖీకి ఇచ్చినప్పుడు, కౌలింగ్ (ఇంజిన్ మీది కప్పు) విప్పిన ఇంజినీరు గారు నన్ను పిలిచి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే లోహపు గోడ) దిగువ భాగం మీద టార్చ్ వెలుగు ఏటవాలుగా వేసి చూపించారు. నేరుగా చూస్తే తెలియని ముడతలు ఆ వెలుగులో స్పష్టంగా తేలాయి. అంచున కొన్ని రివెట్ల చుట్టూ నల్లని చారలు కూడా ఉన్నాయి. వదులైన రివెట్ కదిలి రాపిడి జరిగితేనే అటువంటి చారలు ఏర్పడతాయి కనుక, దెబ్బ తగిలాక కూడా విమానం ఎగురుతూనే ఉందని ఆయన చెప్పారు. విమానం వివరాలన్నీ రాసే లాగ్‌బుక్‌లో మాత్రం ఒక్క మాట లేదు.

ఈ విమానంలో ముందు చక్రపు స్ట్రట్‌నూ (చక్రాన్ని మోసే కాడ), ఇంజిన్ మౌంట్‌నూ (ఇంజిన్‌ను పట్టి ఉంచే చట్రం) ఫైర్‌వాల్‌కే బిగిస్తారు. ల్యాండింగ్‌లో ఎగిరిపడిన విమానాన్ని ముక్కు వంచి బలవంతంగా దించబోతే, ప్రధాన చక్రాలు మోయవలసిన తాకిడి ముందు చక్రం ద్వారా ఆ పలుచని రేకుకు చేరుతుంది. మా విమానానికి ఆ దెబ్బ తగిలిన తరువాత మా కుటుంబ సభ్యులు కూడా అందులో ప్రయాణించారు. ఈ ఉదంతంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది అదే.

ఇక మరో భయం ప్రొపెల్లర్ గురించి. ఇంజిన్ ఆగకుండా తిరుగుతూనే ఉన్నా సరే, ప్రొపెల్లర్ నేలను తాకి, చిన్నపాటి సానతో పోని దెబ్బ తింటే ఇంజిన్‌ను విప్పి చూడాలని ఇంజిన్ తయారీ సంస్థ లైకమింగ్ సర్వీస్ బులెటిన్ 533 చెబుతుంది. ప్రొపెల్లర్ రెక్కల కొనలను పరిశీలించి, క్రాంక్‌షాఫ్ట్ ఫ్లాంజ్‌ను (ప్రొపెల్లర్‌ను బిగించే ఇంజిన్ ఇరుసు కొన) వంపు తెలిపే డయల్ గేజ్‌తో కొలిచాక, అవి రెండూ సరిగానే ఉన్నాయని తేలింది.

విమానాన్ని ఎగరకుండా నిలిపివేసి, లోపాన్ని లాగ్‌బుక్‌లో నమోదు చేయించి, భాగస్వాములందరికీ ఫోటోలతో ఉత్తరం రాశాను. ఎవరు చేశారని అడగలేదు; గత తనిఖీ తరువాత ఎవరికి ఏ ల్యాండింగ్ గట్టిగా అనిపించిందో గుర్తున్నంత వరకు రాయమన్నాను. బీమా సంస్థకు సంఘటన, తేదీ కావాలి. అవి లేకపోతే దీన్ని వాడుకలో వచ్చిన అరుగుదలగా భావించే ప్రమాదం ఉంది. అడ్డగాలిలో విమానం ఎగిరిపడిన సంగతిని ఒక భాగస్వామి స్వయంగా రాసి ఇచ్చారు. దిగి చూస్తే బయట ఏమీ కనిపించలేదట. అది నిజమే కావచ్చు, కౌలింగ్ విప్పనిదే ఆ ముడతలు కనిపించవు. అయినా తరువాత ఎక్కేవారికి ఒక మాట చెప్పి ఉండవలసింది.

ఇంజిన్ దించి ఫైర్‌వాల్ మార్చారు, మౌంట్‌ను పగుళ్ల కోసం పరీక్షించారు. బీమా పోగా మిగిలిన ఖర్చును ఆ భాగస్వామి ఒక్కరి మీద వేయాలని కొందరు పట్టుబట్టారు. అలా చేస్తే మరొకసారి ఎవరూ నోరు విప్పరని నేను గట్టిగా వాదించాను. చివరకు ఖర్చును అందరం సమానంగా పంచుకున్నాము. ఇకపై గట్టి ల్యాండింగ్ జరిగితే, ఇంజినీరు చూసి సంతకం చేసేంత వరకు తాళంచెవి ఎవరికీ ఇవ్వకూడదని ఒప్పంద పత్రంలో చేర్చుకున్నాము.