అమ్మ నోటుపుస్తకంలో జపనీస్

టోక్యో వచ్చిన మొదటి వారంలోనే నా స్టేషన్ దాటి వెళ్లిపోయాను. నా గది తోజాయ్ లైన్ మీద, మనదేశం వాళ్లు చాలామంది ఉండే నిషికసాయ్‌లో. ఆఫీసు నుంచి వస్తూ ఎక్కినది 'కాయ్‌సొకు', అంటే వేగంగా వెళ్లే బండి. అది తోయోచో తర్వాత ఉరయాసు దాకా ఆగదు. నది దాటగానే కిటికీలోంచి నిషికసాయ్ బోర్డు కనిపించి మాయమైంది. పక్క రాష్ట్రం చిబాలోని ఉరయాసులో దిగి నిలబడ్డాను. ఫోనులో ఇంగ్లీషు నుంచి జపనీస్‌కు వాక్యాల పట్టిక ఉంది. నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

నాకు మాట రాకపోవడానికి కారణం తర్వాత తెలిసింది. ఇంగ్లీషులో ఆలోచించి, ఆ వాక్యాన్ని తలకిందులు చేసి, మళ్లీ జపనీస్‌లో పేర్చుకునేవాణ్ణి. ఒక రాత్రి కాగితం మీద జపనీస్ వాక్యం కింద ఊరికే తెలుగు రాసి చూశాను.

కొనో దెన్ష వ నిషికసాయ్ ని తొమరిమస్ క?
ఈ రైలు నిషికసాయ్‌లో ఆగుతుందా?

మాట కింద మాట సరిగ్గా కూర్చుంది. 'కొనో' అంటే ఈ, 'దెన్ష' అంటే రైలు. 'ని' ఇక్కడ మన 'లో' చేసే పనే చేస్తుంది, అదీ మనలాగే పేరు తర్వాత వస్తుంది. క్రియ చివర్లో. ప్రశ్న కావాలంటే మనం 'ఆ' చేర్చినట్టు వాళ్లు 'క' చేరుస్తారు. మధ్యలో 'వ' ఒక్కటే అదనం, దేని గురించి అడుగుతున్నామో చూపించడానికి. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కిందటి ఏడాది అమ్మానాన్నలు వస్తామన్నప్పుడు అందుకే ఇంగ్లీషు పుస్తకం పంపలేదు. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఆదివారాలు నాకు రాత్రి తొమ్మిదిన్నర, అమ్మకు సాయంత్రం ఆరు. ఫోనులో నేను చెబుతుంటే తను నోటుపుస్తకంలో తెలుగులో రాసుకునేది. ఇంగ్లీషు అక్షరాల్లో తరచుగా ఎగిరిపోయే దీర్ఘం తెలుగులో నిలుస్తుంది: 'ఒబసన్' అంటే అత్తయ్యో పిన్నో, 'ఒబాసన్' అంటే అమ్మమ్మ. ఒత్తు కూడా అంతే: 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ల. 'తర్వాతిది' అనడానికి వాడే 'త్సుగి'లో మొదటి అక్షరం నాకు నెల రోజులు పట్టింది. అమ్మతో "చుట్టంలో చు అనమ్మా" అన్నాను, వెంటనే పలికింది.

వాళ్ల అక్షరాల వరుస చెప్పినప్పుడు మాత్రం ఆగి మళ్లీ చెప్పమంది: అ, క, స, త, న, హ, మ, య, ర, వ. "ఇది మన బడి వరుసలాగే ఉందే!" అంది. నిజమే. సంస్కృత అక్షరాలు చదివిన బౌద్ధ భిక్షువుల చదువు ఆ వరుస వెనుక ఉంది. బస్సును 'బసు' అంటారని చెబితే ఆ మాట రాసుకోనే లేదు, అక్కర్లేదంది.

పిలవడానికి, దారి అడగడానికి, క్షమించమనడానికి అన్నింటికీ 'సుమిమసెన్' ఒక్కటే చాలు. ఏదైనా కావాలంటే వేలితో చూపించి 'కొరె కుదసయి', ఇది ఇవ్వండి. దుకాణంలో సంచి కావాలా అని అడుగుతారు, దానికి డబ్బు వేరే. వద్దనుకుంటే 'దైజోబు దెస్'. నాన్న శాకాహారి కాబట్టి తిండి మాట మాత్రం పదిసార్లు చెప్పించాను: 'నికు తో సకన వ తబెమసెన్', మాంసం, చేప తినను. ఇదీ సరిపోదు. ముక్క కనిపించని నూడుల్స్ పులుసులో కూడా ఎండబెట్టిన చేప తురుముతో కాచిన 'దషి' ఉండవచ్చు, దాని గురించి విడిగా అడగాలి.

నేను మరీమరీ చెప్పింది ఇంకొకటి. వాళ్లు గబగబా మాట్లాడితే అంతా అర్థం చేసుకోనక్కర్లేదు, మాట తోక పట్టుకోమన్నాను. 'మస్' అంటే అవును, 'మసెన్' అంటే కాదు. తెలుగులో ఆగుతుంది, ఆగదు తేలేదీ చివర్లోనే కదా.

వాళ్లు వచ్చిన మూడో రోజు ఓతెమాచి స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద నాన్నతో మాట్లాడుతూ నేను వెనకబడ్డాను. బండి వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. అమ్మ ఎక్కబోయి ఆగింది. తెల్ల చేతితొడుగుల స్టేషన్ ఉద్యోగి వైపు తిరిగి కొంచెం వంగి, "సుమిమసెన్. నిషికసాయ్ ని తొమరిమస్ క?" అంది. ఆయన కూడా వంగి, చేత్తో ఆ బండిని చూపిస్తూ పొడుగ్గా ఏదో చెప్పాడు. అమ్మ ఆయన నోటి వైపే చూస్తూ చివరిదాకా విన్నది. తలుపులు మూసుకున్నాయి.

"ఆగదట నాన్నా," అంది నాతో. "తర్వాతిది ఎక్కుదాం."