ఫ్లెక్సీ కోసం వెతికితే దొరికిన పిల్లలు

నవంబరు 21 మత్స్య దినోత్సవానికి ఫ్లెక్సీ కావాలని సంఘం వాళ్లు దేవరకొండలో నా షాపుకొచ్చారు. వెనక వేయడానికి జాలర్ల బొమ్మ కోసం నెట్‌లో వెతుకుతుంటే ఒక పాత డచ్ పెయింటింగ్ తగిలింది. 'సముద్రపు పిల్లలు'. యోజెఫ్ ఇస్రాయెల్స్ 1872లో వేసింది, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది.

నలుగురు పిల్లలు, మాసిన బట్టలు, ఒట్టి కాళ్లు. నీళ్లలో బొమ్మ పడవ వదులుతున్నారు. పెద్ద పిల్లాడు మాత్రం చిన్నదాన్నో చిన్నవాణ్ణో వీపున మోస్తూ ముందుకు వంగి నిలబడ్డాడు. జూమ్ చేసి ఆ వంగిన నడుమే చూస్తూ ఉండిపోయాను.

మా తాత విశాఖ వైపు నుంచి సాగర్ డ్యాం పనికొచ్చి, పని అయ్యాక వెనక్కి పోకుండా కృష్ణ ఒడ్డునే వల పట్టాడు. నాన్న తెల్లారకముందే పుట్టి వేసుకుని పోయేవాడు, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లకు. నేను అక్క వీపున. అక్కకప్పుడు తొమ్మిదేళ్లు.

ఇస్రాయెల్స్ మొదట చరిత్ర ఘట్టాలు వేసేవాడట. ఒంట్లో బాగోక 1855లో జాండ్‌ఫోర్ట్ అనే జాలర్ల ఊళ్లో కొన్నాళ్లు ఉన్నాక వీళ్ల మీదికి మళ్లాడు. ఆయన వేసిన ఇంకో బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది: మునిగిపోయిన మనిషిని మోసుకొస్తుంటే, ముందు ఒకామె పిల్లలతో నడుస్తుంటుంది. అది ఎక్కువసేపు చూడలేకపోయాను.

బ్లొమ్మర్స్ అని తర్వాతి తరం ఆయన కూడా స్కేవెనింగెన్ జాలరి పిల్లల్నే వేశాడు. బాగుంటాయి కానీ, నాకైతే మరీ పండగ పూటలా అనిపించాయి. ఆ ఊరికి 1904 దాకా హార్బరే లేదు. అడుగు చదునుగా ఉండే పడవల్ని ఇసుక మీదికే లాగేవాళ్లు. మా నాన్న పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లా వేసినట్టే అనుకున్నా. కాకపోతే వాళ్లవి గుర్రాలు కట్టి లాగేంత బరువు.

సంఘం పెద్దాయన స్క్రీన్ చూసి, "ఈ తెల్లోళ్ల పిల్లలెందుకు తమ్మీ, మంచి బొచ్చె చేప ఫోటో పెట్టు" అన్నాడు. పెట్టాను. పైన నాయకుల ఫోటోలు పదకొండు.

బొమ్మను అక్కకు వాట్సాప్ చేశాను. రాత్రి వాయిస్ మెసేజ్ వచ్చింది: "వీపు మీదున్నది అచ్చం నీలెక్కనే ఉందిరా, దిగేటట్టు లేదు."