మడిలోంచి వచ్చిన జ్వరం

బుధవారం, రాత్రి

పొద్దున్న ల్యాబులో అడుగుపెట్టేసరికే శాంపిళ్ళ కిటికీ దగ్గర గొడవ. ఒకాయన కఫం అని డబ్బా నిండా ఉమ్మి తెచ్చాడు, అదీ గుడాఖు (పళ్ళకి రుద్దుకునే పొగాకు ముద్ద) పెట్టుకున్న నోటితో. కిటికీ దగ్గరి అబ్బాయి ఒడియాలో చెప్తున్నాడు, ఈయనకి ఎక్కడం లేదు. కవిటి వైపు మనిషట. "బాబూ, ముందు నీళ్ళతో నోరు పుక్కిలించండి. గట్టిగా ఊపిరి పీల్చి, లోపల్నించి దగ్గితే పడేది కావాలి మాకు" అని నేను తెలుగులో చెప్పాను. "ఆ ముక్కేదో ముందే సెప్పొచ్చు గదమ్మా" అంటూ కొత్త డబ్బా పట్టుకుని ఆరుబయటికి నడిచాడు.

ఒడిశాలోని మా బరంపురంలో ఇది రోజూ ఉండేదే. ఈ గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. సరిహద్దు మారినా జబ్బు చేస్తే ఎక్కడికి పోవాలన్న అలవాటు మారలేదు. ఆంధ్ర వైపు ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి వాళ్ళు పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నానికి ఇక్కడ ఏదో ఒక ఆసుపత్రిలో ఉంటారు. ఇంట్లో తెలుగు, డ్యూటీలో ఒడియా, రిపోర్టుల్లో ఇంగ్లీషు నాకు. ఏది ఎక్కడ అవసరం పడుతుందో ముందు తెలీదు.

తర్వాత మామూలు పనులు. ఇంక్యుబేటర్ టెంపరేచర్ రాసుకోవడం, రాత్రి కరెంటు పోయిందా, జనరేటర్ ఎంతసేపట్లో అందుకుందో కనుక్కోవడం, బ్యాక్టీరియాని పెంచడానికి నిన్న పోసిన బ్లడ్ ఆగార్ ప్లేట్లలో ఒకటి రెండు ఖాళీగా ఉంచినవి తీసి ఏమైనా మొలిచిందా అని చూడడం. మూత్రంలో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో చూసే యూరిన్ కల్చర్లు ఒక గుట్ట. వాటిలో సగం ఈ.కోలై, క్లెబ్సియెల్లా అనే మామూలు బ్యాక్టీరియానే. కొన్నిట్లో నాలుగైదు రకాలు కలిసి పెరిగాయి. అంటే శాంపిల్ సరిగా పట్టలేదని అర్థం, మళ్ళీ పంపమని రాయడమే. వాటి గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

అసలు సంగతి ఒక బ్లడ్ కల్చర్, అంటే పేషెంటు రక్తం పోసి పెట్టిన సీసా. అందులో ఏదో పెరుగుతోందని మొన్న రాత్రి మెషీన్ కూసింది. నిన్న మా జూనియర్ కుర్రాడు సీసాలోంచి ప్లేట్ల మీద వేసి, కొన్ని యాంటీబయాటిక్ డిస్కులు కూడా నేరుగా పెట్టి ఉంచాడు. ఇవాళ నేను వచ్చేసరికి రిజిస్టర్లో పెన్సిలుతో రాసేశాడు: సూడోమొనాస్, ప్రశ్నార్థకం. అది ఆసుపత్రుల్లో తరచూ కనిపించే బ్యాక్టీరియా. ఆ ప్రశ్నార్థకం పెట్టినందుకు వాడిని మెచ్చుకోవాలి.

ప్లేటు వెలుతురుకి పెట్టి చూశాను. చిన్న చిన్న కాలనీలు, తడిగా మెరవడం లేదు, పొడిగా ఉన్నాయి. ఆక్సిడేస్ అనే రంగు పరీక్ష పాజిటివ్. అక్కడిదాకా సూడోమొనాస్ అన్నా ఒప్పుకోవచ్చు. డిస్కుల దగ్గరే నాకు తేడా కొట్టింది. మందు పనిచేస్తే డిస్కు చుట్టూ ఏమీ పెరగక ఖాళీ మిగులుతుంది. జెంటామైసిన్ చుట్టూ ఖాళీ లేదు, అంచు దాకా పెరిగిపోయింది. కొలిస్టిన్‌దీ అదే కథ. అమాక్సిసిలిన్-క్లావులనేట్ డిస్కు చుట్టూ మాత్రం శుభ్రంగా గుండ్రటి ఖాళీ. మామూలు సూడోమొనాస్ ఈ మూడో మందుని లెక్కచేయదు, దానికి పుట్టుకతోనే ఆ మొండితనం ఉంటుంది. కొలిస్టిన్‌కి మాత్రం సాధారణంగా లొంగుతుంది. ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడి ఉంది.

కుర్రాడు మూత తీసి ప్లేటు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళబోయాడు. సూడోమొనాస్‌కి ద్రాక్షపండు వాసన వస్తుందని కాలేజీలో చెప్తారు కదా, పాతకాలం టెక్నీషియన్ల దగ్గర్నుంచి వచ్చిన అలవాటు ఇది. చెయ్యి పట్టుకుని ఆపేశాను. "వాసన చూడకు, మూత పెట్టు, టేపు వెయ్యి" అన్నాను. వాడి మొహంలో రంగు మారింది. "ఏమైంది దీదీ?" అన్నాడు. ఏం కాలేదు, ఇక ఈ ప్లేట్ల పని క్యాబినెట్ (క్రిములు బయటికి రాకుండా గాలిని వడకట్టే పెట్టె) లోపలే అని చెప్పాను. దీన్ని పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మైక్రోస్కోపులో చూడడానికి సీసాలోంచి ఇంకో స్మియర్, అంటే గాజు పలక మీద పలచటి పూత, చేయించాను, ఈసారి క్యాబినెట్లో, గ్లౌజులూ మాస్కూ వేసుకుని. దానికి వరసగా రంగులు: వయొలెట్ ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం, అసిటోన్ కొన్ని క్షణాలే, చివర సాఫ్రనిన్. ఆయిల్ చుక్క వేసి హండ్రెడ్ లెన్సు తిప్పితే గులాబీ రంగు సన్నటి కడ్డీలు. ఫోకస్ కొంచెం అటూ ఇటూ కదిపితే కనిపించింది: రెండు కొసలూ ముదురు రంగు, మధ్యలో పాలిపోయి, మూసిన పిన్నీసులా. అన్నీ అలా లేవు, కొన్నే ఉన్నాయి. ఆ రూపం ఒక్కదాన్నే పట్టుకుని పేరు పెట్టకూడదు. కానీ డిస్కులూ ఇదీ కలిపి చూస్తే బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియా తప్ప ఇంకోటి నా బుర్రకి తట్టలేదు. అంటే జబ్బు మెలియాయిడోసిస్.

రిక్వెస్ట్ ఫారం తీశాను. వయసు, మగ, వార్డు నంబరు, "జ్వరం". అంతే. షుగర్ ఉందో లేదో లేదు, ఏ ఊరో లేదు, ఏం పని చేస్తాడో అసలే లేదు. ఈ ఫారాలు నింపేవాళ్ళ మీద నాకున్న కోపం ఈ డైరీకి కొత్త కాదు. పాపం హౌస్ సర్జన్లకి నిద్రే ఉండదు, నిజమే. కానీ ఆ ఒక్క గడి నింపితే మాకు ఒక రోజు మిగులుతుంది.

టీ తాగే టైముకి నేనే వార్డుకి వెళ్ళాను. మంచం పక్కన ఆయన భార్య కూర్చుని ఉంది, నాకంటే పెద్దది.

"అప్పా, మీదేవూరు?"

"కంచిలి అవతలమ్మా."

"ఆయన ఏం పని చేస్తారు?"

"యవసాయమే. సొంతం ఎకరం, కౌలు ఎకరం. ఊడుపుల్లో కాలికి కొడవలి కోసుకుంది. కట్టు కట్టుకోమంటే ఇనలేదు, అదే కాలుతో మడిలోకి దిగినాడు. అది మానింది గానీ ఈ జొరం పట్టుకుంది."

"షుగర్ ఉందా?"

"ఉందమ్మా. మాత్రలు ఉన్నప్పుడు ఏస్తాడు, లేనప్పుడు లేదు."

మడి నీళ్ళు, కాలికి పుండు, అదుపులో లేని షుగర్, వానాకాలం. పుస్తకం తీసి చదివినా ఇవే ఉంటాయి. ఈ బ్యాక్టీరియా మట్టిలో, నిలవ నీళ్ళలో ఉంటుంది. తెగిన చర్మం గుండా లోపలికి దిగుతుంది. షుగర్ ఉన్నవాళ్ళని ఎక్కువగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే క్షయ అనుకుని ఆ మాత్రలే వాడిస్తుంటారు. కల్చర్లో కనిపించినా సూడోమొనాస్ అనో, బయటినుంచి పడిన చెత్త అనో తీసి పక్కన పెట్టేస్తారు. ఏ పరీక్షా ఆవిడ చెప్పిన ఆ నాలుగు ముక్కలు చెప్పదు.

అక్కడినుంచే మెడిసిన్ సార్‌కి ఫోన్ చేశాను. ముందు "కంటామినేషన్ కాదు కదా?" అన్నారు. రెండు సీసాల్లోనూ పెరిగిందని చెప్పాను. డిస్కుల సంగతి చెప్పాను. ఊడుపుల సంగతి చెప్పేసరికి అవతల మాట ఆగింది. పేషెంటు సెఫ్ట్రయాక్సోన్ మీద ఉన్నాడు, దీనికి అది నమ్ముకోదగ్గ మందు కాదు. మెరోపెనెమ్‌కి మారుస్తానన్నారు. కడుపు స్కానింగ్ కూడా చేయించమన్నాను, కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు ఉండొచ్చు కాబట్టి. అది డాక్టరు చెప్పాల్సిన మాట, ల్యాబు మనిషిది కాదు. నోరు ఊరుకోలేదు. సార్ ఏమీ అనుకోలేదులెండి. రిపోర్టు మాత్రం "అనుమానం, నిర్ధారణ కావాలి" అనే రాశాను. కాలనీని పెద్ద ల్యాబుకి పంపడానికి మూడు పొరల ప్యాకింగ్ చేయించాను.

మధ్యాహ్నం క్యారేజీ ముందు పెట్టుకుని కుర్రాడికి ఈ జబ్బు చరిత్ర చెప్పాను. దీన్ని మొదట గుర్తించింది 1911లో, రంగంలో. ఆల్ఫ్రెడ్ విట్మోర్ అనే తెల్లదొర, ఆయనతో పనిచేసిన కృష్ణస్వామి. శవపరీక్షల్లో చూసి, 1912లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఇద్దరి పేరుతో రాశారు. తర్వాత జబ్బుకి విట్మోర్ పేరు అంటుకుంది, కృష్ణస్వామి పేరు జారిపోయింది. "రంగం అంటే?" అన్నాడు వాడు. రంగూన్ అన్నాను. మా ఇళ్ళలో దాన్ని ఎవరూ రంగూన్ అనరు. మా తాతగారి నాన్న గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగం వెళ్ళాడు, కూలికి. ఈ తీరంలో అలా వెళ్ళని కుటుంబం వెతికినా దొరకదేమో. అక్కడ మార్చురీ బల్లల మీద దొరికిన జబ్బు, మనవాళ్ళు పనికి వెళ్ళిన ఊళ్ళోదే. ఇక్కడ మన మడుల్లోనూ ఎప్పట్నుంచి ఉందో, మనమే ఎప్పుడూ వెతకలేదు.

సాయంత్రం ఆవిడ రిపోర్టు కోసం కిటికీ దగ్గరికి వచ్చింది. ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. ఇంజెక్షన్లు కనీసం రెండు వారాలు, ఇంటికెళ్ళాక మాత్రలు మూడు నెలలు, మధ్యలో ఆపకూడదు, మిగతాది సార్ చెప్తారు అన్నాను. "మూడు నెలలా! ఒకరోజు మాత్ర ఇమ్మంటేనే ఆయనకి కోపం" అంది. కోపమొచ్చినా ఇవ్వమన్నాను. ఆయన మాత్ర మింగకపోతే మనం ప్లేట్లో చూసిందంతా దండగ, కానీ అది ఆవిడ చేతిలోనూ పూర్తిగా లేదు.

ఇంటికి బయల్దేరే ముందు రికార్డు గదిలో అడిగాను, ఫారం మీద "ఏం పని, షుగర్ ఉందా" అని రెండు గడులు వేయించమని. కొత్త ఫారాలు అచ్చు కావాలంటే పాతవి అయిపోవాలట. ఈలోపు రబ్బరు స్టాంపు చేయిస్తే వేస్తామన్నారు. స్టాంపు డబ్బులు ఎవరివి అన్నది తేలలేదు, నావే అయ్యేట్టున్నాయి. అది వేసినా హౌస్ సర్జన్లు నింపుతారన్న నమ్మకం నాకు లేదు. రేపు పొద్దున్న ప్లేట్లకి రెండు రోజులు నిండుతాయి, కాలనీలు ముడతలు పడ్డాయో లేదో చూడాలి. సార్ ఫోన్ చేసి జ్వరం ఇంకా దిగలేదన్నారు. ఇంత తొందరగా దిగదు.