ఇన్నాళ్లూ తప్పు గట్టు మీద తొక్కాను

రావులపాలెం నుంచి లొల్ల లాకులు, ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక వెళ్లే రోడ్డు మా వైపు అందరికీ తెలిసిందే. శనివారం వాడపల్లి గుడికి వెళ్లే జనం, ఆదివారం పూతరేకులకీ ఫొటోలకీ వచ్చే కార్లు. సైకిలు కొన్న కొత్తలో నేనూ అక్కడే తొక్కేవాణ్ని. ఒకరోజు ఇటుకల ట్రాక్టరు ఒకటి మోచెయ్యి గీరుకుపోతుందేమో అన్నంత దగ్గరగా పోయింది. గుండె దడ తగ్గేదాకా బండి పక్కన పెట్టి కాలవ వైపు చూస్తూ నిలబడ్డాను. అవతలి గట్టు మీద ఒక ముసలాయన గేదెను తోలుకుపోతున్నాడు, ఆయనా గేదే తప్ప కనుచూపు మేర ఎవరూ లేరు. నేనేమో ఇటు టెన్షన్ పడుతూ తొక్కుతున్నాను.

మర్నాటి నుంచి ఎదుటి గట్టు ఎక్కేశాను.

మా గోదావరి డెల్టాలో బండ్లు తిరగని దారి కావాలంటే ఎవరూ కొత్తగా వేయక్కర్లేదు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు, దాని కింద కాలవలు తవ్వారు, తవ్విన మట్టి పక్కన పోస్తే గట్లయ్యాయి. రోడ్డు పడిన చోట సాధారణంగా ఒక గట్టు మీదే పడింది, రెండోది చాలా దూరం మట్టిగానే మిగిలిపోయింది. ఇవి కాక గోదావరి పాయల వెంట ఏటిగట్లు ఉన్నాయి. 1986 ఆగస్టు వరద లెక్క పెట్టుకుని వాటి ఎత్తూ వెడల్పూ పెంచి, పైన ఎర్ర గ్రావెల్ పరుచుకుంటూ వచ్చారు. కొన్నిచోట్ల తారు కూడా వేసేశారు, ఊళ్లవాళ్లకి మంచిదే కానీ నాకు మాత్రం కాస్త బాధ. ఇక చేల మధ్య పుంతలు సరేసరి. ఈ మూడింటినీ కలుపుకుంటూ పోతే పొద్దున్నే నలభై కిలోమీటర్లు తొక్కి, దారిలో నాలుగైదు బైకులకి మించి ఎదురవ్వకుండా టిఫిన్ టైముకి ఇంటికి చేరొచ్చు.

నాకు అన్నిటికంటే ఏటిగట్టే ఇష్టం. గట్టు మీద వెళ్తుంటే ఊళ్లో పెంకుటిళ్ల కప్పులు మన కంటికి సమంగా ఉంటాయి, కొబ్బరిచెట్ల గెలలు కూడా పక్కకి తిరిగితే కనిపిస్తాయి. రెండో పక్క ఏటి మధ్య తేలిన లంకలు, అరటితోటలు, ఆ వెనకెక్కడో తెల్లగా ఏరు. దారి నిండా గ్రావెల్ ఉండదు, ట్రాక్టరు చక్రాలు తిరిగిన రెండు చాళ్లు మాత్రం నున్నగా ఉంటాయి, మధ్యలో గరిక. ఒక చాలు పట్టుకుని పోతూ ఉండాలి. పరధ్యానంగా ఉంటే మాత్రం గట్టుకి అడ్డంగా కట్టిన పలుపుతాడు కనపడదు. గేదె ఒక వాలున మేస్తుంది, గుంజ రెండో వాలున ఉంటుంది, మధ్యలో తాడు సరిగ్గా మన ముందు చక్రం ఎత్తులో. నేను రెండుసార్లు పడ్డాను. రెండోసారి గేదె నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అసలు సంగతి మట్టి. డెల్టా మట్టిని నమ్మకూడదు. నిరుడు అక్టోబరులో రాత్రి వాన పడి పొద్దున్నకి ఎండ కాసింది కదా అని కాలవ గట్టు ఎక్కాను. పైకి ఆరినట్టే ఉంది. రెండొందల గజాలు పోయేసరికి చక్రాలు బరువెక్కాయి, ఇంకాస్త పోయేసరికి తిరగడం మానేశాయి. బంకమట్టి టైరుకి పట్టి, దాని మీద గడ్డి పట్టి, దాని మీద మళ్లీ మట్టి పట్టి, మడ్‌గార్డు లోపల ఇటుక పెళ్లలా బిగుసుకుపోయింది. కొబ్బరి మట్ట చీలిక ఒకటి తీసుకుని గోక్కుంటూ కూర్చున్నాను. పది అడుగులు తోయడం, మళ్లీ గోకడం. చివరికి సైకిలు భుజాన వేసుకుని లాకుల దాకా నడిచాను. అక్కడ కాలవ తలుపులు చూసుకునే లస్కరు చూసి, "ఆయ్, అది మిమ్మల్ని మొయ్యాలండీ, మీరు దాన్ని కాదు" అన్నాడు. అప్పటి నుంచి వాన పడితే మూడు రోజులు గ్రావెల్ పోసిన ఏటిగట్టు తప్ప వేరేది ఎక్కను.

సైకిలు గురించి అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను, ఖరీదైన గ్రావెల్ బైక్ అక్కర్లేదు. నాది సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిలుకీ కొండ సైకిలుకీ మధ్యరకం, 38 మిల్లీమీటర్ల టైర్లు. గాలి మాత్రం రాయిలా కొట్టించకండి, కాస్త మెత్తగా ఉంటేనే గతుకులు మింగుతుంది, నడుం బతుకుతుంది. మడ్‌గార్డు ఉంటే దానికీ టైరుకీ మధ్య వేలు దూరేంత ఖాళీ చూసుకోండి, ఎందుకో పైన చెప్పాను. ఒక ట్యూబు, పంపు, రెండు టైరు లీవర్లు జేబులో ఉండాల్సిందే. పల్లేరుకాయలూ తుమ్మముళ్లూ లేని గట్టు లేదు. తుమ్మముల్లు గుచ్చుకుంటే ట్యూబు మార్చి ఊరుకోకూడదు, టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తడమాలి. ముల్లు మొన విరిగి రబ్బరులోనే ఉండిపోతుంది, కొత్త ట్యూబుని కూడా పది నిమిషాల్లో పొడుస్తుంది. ఇది నాకు పంక్చరు షాపు కుర్రాడు నేర్పాడు, నా రెండు ట్యూబులు పోయాక.

టైము విషయానికొస్తే, దాళ్వా కోతలప్పుడు, అంటే రెండో పంట వరి కోసేటప్పుడు వెళ్లొద్దు, గట్ల నిండా ధాన్యం ఆరబోసి ఉంటుంది, దాని మీంచి తొక్కితే తిట్లు తినాల్సిందే, న్యాయం కూడా. కోతలయ్యాక ఎండాకాలంలో కాలవలు కట్టేసి ఉన్నన్నాళ్లూ గట్లు గట్టిగా ఉంటాయి కానీ నీళ్లు లేని కాలవ పక్కన తొక్కడం నాకు బోసిగా అనిపిస్తుంది. ఎండాకాలం పొద్దున్నే సముద్రం వైపు బయలుదేరితే, తిరుగు ప్రయాణంలో పైరగాలి వెనక నుంచి తోస్తుంది. డిసెంబరు, జనవరి అన్నిటికంటే హాయి. వరదల్లో మాత్రం వేషాలొద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. మొదటిది రాగానే నేను లంకల వైపు వెళ్లడం మానేస్తాను. కాజ్‌వే మీద నీళ్లు పాదం లోతే కదా అనిపిస్తుంది, లాగే జోరు దిగితే గానీ తెలియదు.

అడవులూ కొండలూ చూడాలనిపించి మొన్న ఫిబ్రవరిలో సైకిలు ఫ్రెండు కారు మీద కట్టుకుని రంపచోడవరం వెళ్లాం. శని, ఆదివారాల్లో మారేడుమిల్లి రోడ్డు మా కాలవ రోడ్డుకి తీసిపోదు, బొంగులో చికెన్ కోసం వచ్చే కార్లే కార్లు. అందుకని భూపతిపాలెం రిజర్వాయరు చుట్టుపక్కల గూడేలకి వెళ్లే ఎర్ర గ్రావెల్ దారులు పట్టుకున్నాం. రిజర్వు ఫారెస్టు లోపలి దారుల్లోకి అనుమతి లేకుండా దూరకూడదు, ఊళ్లని కలిపే దారులు చాలు. జీడిమామిడి తోటలు, తర్వాత టేకు, వెదురు, ఒక వాగు. ఫోనుకి సిగ్నల్ లేదు. మా డెల్టా వాళ్లకి తెలిసిన ఎత్తు వంతెన ఒక్కటే, ఆ మొదటి ఎక్కుడుకే నా ఊపిరి ఈలేసింది. ఎక్కడం నయం. దిగేటప్పుడు మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టాను, చక్రం కింద గులకరాళ్లు గోళీల్లా దొర్లాయి, మోకాలు చెక్కుకుపోయింది. కట్టెలు మోసుకొస్తున్న ఒక మామ్మ ఆగి చూసి, "నడిచి దిగొచ్చు కదా" అంది. తర్వాతి మలుపు నడిచే దిగాను.

అక్కడ వాన పడితే మట్టి కొట్టుకుపోతుంది, మా దగ్గర వాన పడితే అంటుకుపోతుంది. అంతే తేడా. మా ఏటిగట్ల మీద పోసే గ్రావెల్ మాత్రం డెల్టాది కాదు. ఇక్కడ ఎంత తవ్వినా ఒండ్రే గానీ రాయి తగలదు, అందుకే మెట్ట నుంచి టిప్పర్ల మీద తోలుకొస్తారు.

ఇంటికొచ్చాక సైకిలు కాలవ రేవులో కడుగుతుంటే నీళ్లలోకి ఎర్రగా దిగింది. పక్కన బట్టలు ఉతుకుతున్న పిన్నిగారు చూసి, "ఎక్కడి మట్టి బాబూ అది, మన గట్టు మీద పోసిందేనా?" అన్నారు. రంపచోడవరందండీ అన్నాను.

"దానికంత దూరం వెళ్లాలేంటి, వాళ్లే లారీల్లో తెచ్చి పోస్తుంటే" అని చీర జాడించి పిండుకున్నారు.